మెగ్నీషియం హైడ్రైడ్‌ని నానో సైజుకి దంచితే 300 డిగ్రీల బాధ నిజంగా తగ్గుతుందా?

నల్లపొడి
అందరికీ నమస్కారం. ఎంటెక్ మెటీరియల్స్ చేస్తున్నా. మా గైడ్ ఇచ్చిన పని ఏంటంటే, మెగ్నీషియం హైడ్రైడ్‌లో (మెగ్నీషియం హైడ్రోజన్‌ని పట్టుకుంటే వచ్చే పదార్థం) కొంచెం నియోబియం పెంటాక్సైడ్ ఉత్ప్రేరకంగా కలిపి బాల్ మిల్లులో (బంతులతో దంచే జార్) ఆడించి, హైడ్రోజన్‌ని పట్టుకోవడం, వదలడం ఎంత బాగుపడ్డాయో చూపించాలి. టాపిక్ బాగానే ఉంది కానీ పేపర్లు చదివేకొద్దీ అయోమయం పెరుగుతోంది. పుస్తకంలో ఏమో 280, 290 డిగ్రీల దగ్గరికి వెళ్తేనే ఇది 1 బార్ (ఇంచుమించు మన చుట్టూ గాలి పీడనమంత) పీడనంతో హైడ్రోజన్ ఇస్తుందని ఉంది. పేపర్లలో ఒకళ్లు "మా ఉత్ప్రేరకం వేశాక 180 డిగ్రీలకే హైడ్రోజన్ బయటికొచ్చింది" అంటారు, ఇంకొకళ్లు "గది ఉష్ణోగ్రతలోనే పీల్చుకుంది" అంటారు. ఏది నమ్మాలి? నానో చేయడం, డోపింగ్ చేయడం (ఇలా వేరే పదార్థం కొంచెం కలపడం) రెండూ ఒకే పని చేస్తాయా? బరువులో 7.6 శాతం హైడ్రోజన్ పట్టే పదార్థం, మెగ్నీషియం చవక కూడా, మరి ఇన్నేళ్లయినా కార్లలోకి ఎందుకు రాలేదు? ఈ ఆఖరి ప్రశ్న వైవాలో ఖాయంగా పడుతుందని సీనియర్లు భయపెడుతున్నారు. ఇప్పట్నుంచే టెన్షన్.

కాకినాడ_కెమిస్ట్
పుస్తకమూ నిజమే, పేపర్లూ నిజమే అమ్మా. వాళ్లు కొలిచింది వేరు, నువ్వు చదువుకున్నది వేరు.

ముందు ఎంథాల్పీ సంగతి తేల్చుకో. మెగ్నీషియం, హైడ్రోజన్ కలిస్తే మోల్ హైడ్రోజన్‌కి సుమారు 75 కిలోజౌల్స్ వేడి వస్తుంది. విడదీయాలంటే అంత వేడీ తిరిగి పెట్టాలి. ఎంట్రోపీ (చెల్లాచెదరుతనం) మార్పు మోల్‌కి, ఒక్కో కెల్విన్‌కి దాదాపు 135 జౌల్స్, అందులో ఎక్కువ భాగం హైడ్రోజన్ వాయువుదే కాబట్టి ఏ హైడ్రైడ్‌కైనా అది పెద్దగా మారదు. ఈ రెండూ వాంట్ హాఫ్ సమీకరణంలో (ఏ ఉష్ణోగ్రతకి ఎంత పీడనమో చెప్పేది) వేసి చూడు. 25 డిగ్రీల దగ్గర సమతౌల్య పీడనం (పట్టడం, వదలడం సరిసమానంగా ఉండే పీడనం) బార్‌లో పది లక్షల వంతు కన్నా తక్కువ. 200 డిగ్రీల దగ్గర 0.06 బార్. 300 దగ్గర సుమారు 1.6 బార్. 350 దగ్గర 6 బార్‌కి కాస్త తక్కువ. ఇవి నీ చేత్తో నువ్వు కాల్క్యులేటర్ మీద చేసి చూడాలి, నేను చెప్పానని రాసుకోకు.

ఇప్పుడు ఉత్ప్రేరకం వేశావనుకో, ఈ అంకెల్లో ఒక్కటీ కదలదు. అలిపిరి నుంచి మెట్లెక్కి వెళ్లినా, ఘాట్ రోడ్డులో బస్సెక్కి వెళ్లినా తిరుమల కొండ ఎత్తు అదే కదా. తొందరగా, ఆయాసం లేకుండా చేరతావు, అంతే.

నల్లపొడి
మాస్టారూ, అంకెలు వేసి చూశా, మీరు చెప్పినట్టే వచ్చాయి. కానీ ఎత్తు మారకపోతే 180 డిగ్రీలకే ఎలా వదులుతుంది మరి?

జర్మనీ_తెలుగోడు
అది టీజీఏ (వేడి చేస్తూ బరువు ఎంత తగ్గిందో కొలిచే పద్ధతి) మాయ. ఆ 180 అనే అంకె ఎక్కడిదో ఆ పేపర్లో ప్రయోగ విధానం భాగం తెరిచి చూడండి. నూటికి తొంభై సార్లు ఆర్గాన్ పారుతూ ఉండగా వేడి చేసి ఉంటారు. పారే ఆర్గాన్ బయటికొచ్చిన హైడ్రోజన్‌ని వచ్చింది వచ్చినట్టు ఊడ్చుకుపోతుంది, కాబట్టి పొడి చుట్టూ హైడ్రోజన్ పీడనం దాదాపు సున్నా. మాస్టారు చెప్పిన 0.06 బార్ కన్నా తక్కువ ఉన్నంతసేపూ 200 డిగ్రీల దగ్గర కూడా హైడ్రైడ్ విడిపోవాల్సిందే, థర్మోడైనమిక్స్ ఏమీ అడ్డు చెప్పదు. ఉత్ప్రేరకం లేకపోతే ఆ విడిపోవడం మరీ నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి కంటికి కనబడదు, వేస్తే కనబడుతుంది. పేపర్ రాసినవాళ్లు అబద్ధం ఆడలేదు. కానీ అదే పొడిని ట్యాంకులో పెట్టి 1 బార్ పైన ఫ్యూయల్ సెల్‌కి (హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే పరికరం) ఇవ్వమంటే 180 దగ్గర ఒక్క బుడగ కూడా రాదు.

గది ఉష్ణోగ్రతలో పీల్చుకోవడం సంగతి దీనికి అద్దంలో బొమ్మ. 25 డిగ్రీల దగ్గర మెగ్నీషియానికి హైడ్రోజన్ అంటే ఎంత ఇష్టమో ఆ పది లక్షల వంతు అంకే చెబుతోంది, ఏ కాస్త పీడనం ఉన్నా కలిసిపోవాలి. కలవకపోవడానికి కారణం వేగం లేకపోవడమే. 2006 ప్రాంతంలో హిరోషిమా విశ్వవిద్యాలయం వాళ్లు నియోబియం పెంటాక్సైడ్‌తో బాగా మిల్లింగ్ చేసిన పొడి గది ఉష్ణోగ్రతలో కొన్ని సెకన్లలోనే 4 శాతానికి పైగా పీల్చుకుంటుందని చూపించారు. అద్భుతమైన పని. కానీ పీల్చుకున్నదాన్ని తిరిగి 1 బార్ దగ్గర ఇవ్వాలంటే మళ్లీ 280 దాటాల్సిందే.

ఈవీ_వీరాభిమాని
అంటే మొత్తం కథ ఇంతేనా? వేగం పెరుగుతుంది, వేడి అలాగే ఉంటుంది. దీనికోసం ప్రపంచమంతా ఇన్ని వేల పేపర్లు రాశారా 😄 బ్యాటరీ పెట్టుకుంటే పోయేదానికి.

కాకినాడ_కెమిస్ట్
వేగాన్ని తీసిపారేయకు బాబూ. మామూలు మెగ్నీషియం ముక్క తీసుకొని 350 డిగ్రీల దగ్గర హైడ్రోజన్ పెట్టినా గంటలు పడుతుంది, పూర్తిగా నిండదు కూడా. కారణాలు రెండు మూడు ఉన్నాయి. మొదటిది, పైన ఆక్సైడ్ పొర. రెండోది, హైడ్రోజన్ అణువు రెండు పరమాణువులుగా విడిపోవాలి, శుభ్రమైన మెగ్నీషియం తలం మీద దానికి 1 ఎలక్ట్రాన్ వోల్ట్ దాకా అడ్డంకి. మూడోది అందరూ మర్చిపోయేది. రేణువు పైపైన హైడ్రైడ్ పెంకు కట్టేస్తుంది, ఆ పెంకులోంచి హైడ్రోజన్ లోపలికి చొరబడటం చాలా నెమ్మది. పీడనం పెంచితే తొందరగా నిండుతుందనుకుంటారు, ఒక్కోసారి పెంకు ఇంకా తొందరగా గట్టిపడి లోపలి లోహం అలాగే మిగిలిపోతుంది.

ఇక్కడ నానో పని మొదలవుతుంది. చొరబడే సమయం దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. 50 మైక్రాన్ల రేణువుని అర మైక్రాన్ చేస్తే దూరం 100 రెట్లు తగ్గింది, సమయం 10,000 రెట్లు తగ్గుతుంది. మిల్లింగ్‌లో జరిగేది కూడా గమనించు. రేణువు సైజు ఒక మైక్రాన్ అటూ ఇటూ దగ్గర ఆగిపోతుంది, కానీ దాని లోపలి స్ఫటికాలు 10, 20 నానోమీటర్లకి చితికిపోతాయి. ఆ స్ఫటికాల మధ్య హద్దుల వెంబడి హైడ్రోజన్ పరిగెడుతుంది. ఎక్స్ రే శిఖరం వెడల్పు చూసి "నా రేణువు 15 నానోమీటర్లు" అని రాసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది స్ఫటికం సైజు, రేణువు సైజు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి రాయాలి.

డోపింగ్ చేసే పని తలం మీద. అణువుని చీల్చడం.

నల్లపొడి
అంటే నానో దూరాన్ని తగ్గిస్తుంది, డోపింగ్ తలుపు తీస్తుంది. అర్థమైంది. మరి ఏ లోహం వేస్తే మంచిది? పేపర్లలో టైటానియం, వెనేడియం, నికెల్, ఇనుము, జిర్కోనియం, నియోబియం అన్నీ ఉన్నాయి, ప్రతివాడూ తనదే గొప్ప అంటాడు.

జర్మనీ_తెలుగోడు
అణువుని చీల్చడం ఒక్కటే చూస్తే టైటానియం, వెనేడియం, జిర్కోనియం చాంపియన్లు, అడ్డంకి దాదాపు మాయమవుతుంది. కానీ చీల్చిన హైడ్రోజన్‌ని అవి గట్టిగా పట్టేసుకుంటాయి, పక్క మెగ్నీషియం మీదికి వదలవు. రాగి, వెండి వైపు వెళ్తే పట్టుకోవు కానీ సరిగ్గా చీల్చవు కూడా. తలాల మీద చేసిన కంప్యూటర్ లెక్కల్లో నికెల్, ఇనుము మధ్యే మార్గంగా బాగున్నాయని తేలింది. అయితే లెక్క వేరు, మిల్లు జార్‌లో జరిగేది వేరు. అక్కడ మీరు వేసింది వేసినట్టు ఉండదు.

మీ నియోబియం పెంటాక్సైడ్‌నే తీసుకోండి. దీన్ని పైకి తెచ్చింది ఇక్కడ హాంబర్గ్ దగ్గర గీస్టాక్ట్‌లో ఉన్న పరిశోధన కేంద్రం, 2003లో. 300 డిగ్రీల దగ్గర నింపడం, ఖాళీ చేయడం రెండూ నిమిషాల్లో అయిపోయాయి. అంతకుముందు లోహ పొడులు, 2001లో అక్కడివాళ్లే వేరే లోహాల ఆక్సైడ్లు కూడా వేసి చూశారు, కానీ ఇది వాటికన్నా వేగంగా పని చేసింది. కానీ మిల్లింగ్‌లో, తర్వాత వేడిలో మెగ్నీషియం ఆ ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్ లాగేసుకుంటుంది. మెగ్నీషియం ఆక్సైడ్, మెగ్నీషియం నియోబియం కలిసిన ఆక్సైడ్లు, క్షయకరణం చెందిన నియోబియం మిగులుతాయి. పని చేసేది అవే. కాబట్టి "నియోబియం పెంటాక్సైడ్ ఉత్ప్రేరకం" అని రాసేటప్పుడు చివర్లో దేని రూపంలో ఉందో ఎక్స్‌పీఎస్‌లో (ఎక్స్ రేలతో తలం మీది రసాయన రూపం చూసే పద్ధతి) చూసి రాయండి.

ఇంకో చిన్న లెక్క. చాలా పేపర్లలో "కేవలం 1 మోల్ శాతం" అని ఉంటుంది. నియోబియం పెంటాక్సైడ్ అణుభారం 266, మెగ్నీషియం హైడ్రైడ్‌ది 26. 1 మోల్ శాతం అంటే బరువులో 9 శాతం పైమాటే! 7.6 కాస్తా 6.9 అయిపోతుంది. ఇక మెగ్నీషియం ఆక్సైడ్‌గా పోయిన మెగ్నీషియం అదనపు నష్టం. గీస్టాక్ట్ వాళ్లు అర మోల్ శాతం దగ్గరే దాదాపు పూర్తి ప్రయోజనం వస్తుందని చూపించడం అందుకే ముఖ్యం.

బీచ్‌రోడ్_ట్యాంకర్
మెకానికల్ వాణ్ణి, విశాఖ. కార్లలోకి ఎందుకు రాలేదన్న ఆఖరి ప్రశ్నకి నేను చెప్తా, ఎందుకంటే మెటీరియల్స్ వాళ్లు ఎప్పుడూ పొడి దగ్గరే ఆగిపోతారు.

ఒక కారుకి 5 కిలోల హైడ్రోజన్ కావాలి అనుకోండి. టొయోటా మిరాయ్ లాంటి దాంట్లో 700 బార్ ట్యాంకుల్లో పెట్టేది ఇంచుమించు అంతే. 5 కిలోలంటే 2,500 మోల్స్. మోల్‌కి 75 కిలోజౌల్స్ చొప్పున నింపేటప్పుడు పుట్టే వేడి 187 మెగాజౌల్స్. బంకులో 5 నిమిషాల్లో నింపాలంటే సెకనుకి 0.6 మెగాజౌల్స్, అంటే 600 కిలోవాట్ల పైన వేడిని ఆ చిన్న ట్యాంకులోంచి బయటికి లాగాలి. నానో చేసి, డోపింగ్ చేసి పొడిని నిమిషంలో నిండేలా తయారుచేశారు, బాగుంది, కానీ వేడి బయటికి పోకపోతే పొడి కాగి సమతౌల్య పీడనం పైకి లేచి నింపడం దానంతటదే ఆగిపోతుంది. పేర్చిన పొడికి ఉష్ణవాహకత చాలా తక్కువ, లోహం లాగా కాదు, ఇసుక లాగా ఉంటుంది. ఇక్కడ మీ ఉత్ప్రేరకం ఏమీ చేయలేదు.

అదొకటి. ఇక వాడేటప్పుడు అదే వేడి తిరిగి పెట్టాలి. హైడ్రోజన్ కాలితే మోల్‌కి వచ్చేది 242 కిలోజౌల్స్, అందులో 75 అంటే 31 శాతం ట్యాంకుకే పోయింది. కార్లలో వాడే పీఈఎం రకం ఫ్యూయల్ సెల్ వేస్ట్ హీట్ 80 డిగ్రీల దగ్గర ఉంటుంది, 300 డిగ్రీల ట్యాంకుని దాంతో వేడి చేయలేం. అమెరికా ఇంధన శాఖ కార్ల కోసం పెట్టుకున్న లక్ష్యంలో ట్యాంకు నుంచి హైడ్రోజన్ 85 డిగ్రీల లోపే రావాలి, మొత్తం వ్యవస్థ బరువులో 5.5 శాతం హైడ్రోజన్ ఉండాలి, అదీ పొడి బరువు కాదు, స్టీలు, గొట్టాలు, వాల్వులు అన్నీ కలిపి.

ఈవీ_వీరాభిమాని
నేను చెప్పిందే ఇంకొంచెం పొడుగ్గా చెప్పాడు అన్న.

బీచ్‌రోడ్_ట్యాంకర్
కాదు తమ్ముడూ, కారుకి వద్దన్నాను, హైడ్రైడ్ వద్దనలేదు. 1 లీటరు చోటులో ఎంత హైడ్రోజన్ పడుతుందో చూడు. 700 బార్ గ్యాస్ అయితే 40 గ్రాములు. మైనస్ 253 డిగ్రీల ద్రవం అయితే 71. మెగ్నీషియం హైడ్రైడ్ అయితే 110, అదీ తక్కువ పీడనంలో. చోటు తక్కువ ఉండి బరువు సమస్య కాని చోట ఇది రాజు. జర్మనీ 212 రకం సబ్‌మెరైన్లలో హైడ్రోజన్ హైడ్రైడ్ సిలిండర్లలోనే ఉంటుంది, టైటానియం ఇనుము జాతి మిశ్రమం. సబ్‌మెరైన్‌కి ఎలాగూ అడుగున బరువు కావాలి. ఫ్రాన్స్‌లో మెక్‌ఫై కంపెనీ గ్రెనోబుల్ పరిశోధకుల పనితో మెగ్నీషియం హైడ్రైడ్‌కి విస్తరించిన గ్రాఫైట్ కలిపి బిళ్లలుగా నొక్కి ట్యాంకులు చేసింది. గ్రాఫైట్ ఉష్ణవాహకత కోసం. నాకు నచ్చిన డోపింగ్ ఇదే, ఏ నియోబియం కన్నా 😀

నల్లపొడి
అన్నా, మరి థర్మోడైనమిక్స్‌నే మార్చే దారి అసలు లేదా? నానో ఇంకా ఇంకా చిన్నది చేస్తే?

కాకినాడ_కెమిస్ట్
మంచి ప్రశ్న. చేస్తే మారుతుంది, కానీ ఎంత చిన్నది కావాలో చూడాలి. 2005లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ వాళ్లు మెగ్నీషియం, మెగ్నీషియం హైడ్రైడ్ గుచ్ఛాలకు క్వాంటమ్ లెక్కలు వేశారు. సుమారు 1.3 నానోమీటర్ల కన్నా చిన్నదైతేనే విడుదల శక్తి గట్టిగా తగ్గడం మొదలవుతుంది, 0.9 దగ్గర 200 డిగ్రీలకి దిగుతుంది. 1 నానోమీటరు అంటే లెక్కపెట్టగలిగినన్ని పరమాణువులు. బాల్ మిల్లు తెచ్చే 10, 20 నానోమీటర్ల దగ్గర ఎంథాల్పీలో మార్పు కొలత తప్పిదం లోపలే ఉంటుంది. మీ డేటాలో 75 కాస్తా 65 అయిందంటే ముందు పరికరాన్ని అనుమానించు.

అంత చిన్న రేణువులు ఉట్టిగా నిలబడవు. 300 డిగ్రీల దగ్గర నాలుగు సార్లు నింపి వదిలేసరికి ఒకదానికొకటి అంటుకుని పెద్దవైపోతాయి. అందుకే కార్బన్ ఏరోజెల్ లాంటి రంధ్రాల చట్రంలో దాస్తారు. దాస్తే చట్రం బరువు మొత్తం లెక్కలోకి వస్తుంది, 7.6 శాతం కాస్తా సగానికో, ఇంకా కిందికో పడిపోతుంది. బర్క్లీలో 2011లో మెగ్నీషియం నానో స్ఫటికాలను ప్లెక్సిగ్లాస్ జాతి పాలిమర్‌లో పొదిగారు, హైడ్రోజన్ లోపలికి వెళ్తుంది, ఆక్సిజన్ వెళ్లదు. చూడముచ్చటైన ఆలోచన. గాల్లో పెట్టినా పాడవలేదు.

బేగంపేట_రవ్వ
చైనా వాళ్లది 2021లో వచ్చింది కదా మాస్టారూ, చట్రం లేకుండానే 4, 5 నానోమీటర్ల మెగ్నీషియం హైడ్రైడ్ చేసి 30 డిగ్రీల దగ్గర 6.7 శాతం తిరిగి తిరిగి పట్టి వదిలిందని. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

జర్మనీ_తెలుగోడు
చదివాను, గట్టి పని. దంచడం కాకుండా ద్రావణంలో అల్ట్రాసౌండ్ పెట్టి కింద నుంచి పైకి కట్టారు. ఈ రంగంలో అసలు ఉత్సాహం ఇప్పుడు ఇలాంటి తయారీ పద్ధతుల మీదే. ప్రశ్న ఏంటంటే 30 డిగ్రీల దగ్గర వదిలినప్పుడు ఎదురు పీడనం ఎంత? దాదాపు శూన్యంలోకి వదలడం ఒక సంగతి, ఫ్యూయల్ సెల్‌కి కావాల్సిన 1 బార్ పైన వదలడం ఇంకో సంగతి. 25 డిగ్రీల దగ్గర 1 బార్ రావాలంటే ఎంథాల్పీ 39, 40 కిలోజౌల్స్ దగ్గర ఉండాలి, ఎంట్రోపీ మారదు కాబట్టి దీన్నుంచి తప్పించుకునే దారి లేదు. 75 నుంచి 40కి రావడం సైజుతో సాధ్యమని నేను నమ్మను. పైగా గ్రాముల్లో చేసేదాన్ని టన్నుల్లో చేయాలి.

బేగంపేట_రవ్వ
నమ్మకాలు పక్కన పెట్టండి అన్నా. పది నానోమీటర్లకి దిగినప్పుడు కూడా "ఇది సాధ్యం కాదు" అన్నారు ఒకప్పుడు. తలం మీది శక్తి, ఒత్తిడి, గామా రూపం లాంటివి అన్నీ కలిస్తే ఎంత మారుతుందో ఇంకా తేలలేదు. మిల్లింగ్‌లో పుట్టే గామా మెగ్నీషియం హైడ్రైడ్ మామూలు బీటా రూపం కన్నా తక్కువ స్థిరమైనదే కదా.

జర్మనీ_తెలుగోడు
గామా ఒకసారి వదిలేశాక మళ్లీ నింపితే బీటాయే వస్తుంది. మొదటి సైకిల్ గ్రాఫ్ అందంగా ఉండటానికి అదీ ఒక కారణం. రెండో సైకిల్ నుంచి చూపించమనండి. మిగతా దాంట్లో మీరు నేను ఒప్పుకోం, సరే.

కాకినాడ_కెమిస్ట్
మీ ఇద్దరూ మెగ్నీషియం దగ్గరే కొట్టుకుంటున్నారు. ఎంథాల్పీని మార్చాలంటే సైజు కన్నా రసాయనం మీద ఆధారపడటం మేలు అని నా అభిప్రాయం. దీనికి పాత ఉదాహరణే బెస్టు.

అమెరికాలోని బ్రూక్‌హావెన్ ల్యాబులో రైలీ, విస్వాల్ 1968లోనే మెగ్నీషియానికి నికెల్ కలిపి కొత్త హైడ్రైడ్ చేశారు, ఎంథాల్పీ 64కి దిగింది, 1 బార్ ఉష్ణోగ్రత 250 ప్రాంతానికి వచ్చింది, కానీ హైడ్రోజన్ 7.6 నుంచి 3.6 శాతానికి పడిపోయింది. చూశావా బేరం! తర్వాత వాళ్లే టైటానియం ఇనుము పట్టుకున్నారు, గది ఉష్ణోగ్రతలో పని చేస్తుంది, చవక, కానీ 1.9 శాతమే. పైగా మొదటిసారి మేల్కొలపడానికి 400 డిగ్రీల దాకా వేడి చేసి హైడ్రోజన్ ఎక్కించాల్సి వచ్చేది. కొంచెం మాంగనీసు కలిపితే ఆ యాక్టివేషన్ బాధ చాలా తగ్గింది. ఇక లాంథనం నికెల్ 5, ఫిలిప్స్ ఐంధోవెన్ ప్రయోగశాలలో అయస్కాంతాల మీద పని చేస్తుండగా దొరికింది. ఎంథాల్పీ 31, గది ఉష్ణోగ్రతలో 2 బార్ దగ్గర ప్లాటో (హైడ్రోజన్ నిండుతున్నా పీడనం దాదాపు మారకుండా ఉండే భాగం). ఇందులో నికెల్ చోట కాస్త అల్యూమినియమో మాంగనీసో వేస్తే స్ఫటికపు గది పెద్దదై ప్లాటో పీడనం కిందికి దిగుతుంది. ఇది అసలైన ట్యూనింగ్. స్ఫటికం లోపలికి వెళ్లిన డోపింగ్ థర్మోడైనమిక్స్‌ని మారుస్తుంది, తలం మీద కూర్చున్నది వేగాన్ని మారుస్తుంది. పేపర్లు రెండింటినీ ఒకే మాటతో పిలుస్తాయి కాబట్టి పిల్లలు తికమక పడతారు.

ఈ ట్యూనింగే నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీని నిలబెట్టింది. కోబాల్టు, మాంగనీసు, అల్యూమినియం కలిపిన ఆ మిశ్రమం 1997లో వచ్చిన ప్రియస్ కార్లో తిరిగింది. ఈవీ తమ్ముడు గమనించాలి, హైడ్రైడ్ కార్లోకి రాలేదని ఎవరన్నారు?

ఈవీ_వీరాభిమాని
ఒప్పుకున్నా మాస్టారూ 🙏 అది మాత్రం తెలీదు.

సాయంత్రం_చాయ్
ఇన్నాళ్లూ చదవడమే, మొదటిసారి రాస్తున్నా. సోడియం అలానేట్ (సోడియం, అల్యూమినియం, హైడ్రోజన్ కలిసిన హైడ్రైడ్) గురించి ఎవరూ అనలేదు? మా సార్ ఎప్పుడూ దాని పేరే చెప్తారు.

జర్మనీ_తెలుగోడు
చెప్పాల్సిందే. 1997లో మ్యూల్‌హైమ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో బొగ్దానోవిచ్, ష్విక్కార్డి సోడియం అలానేట్‌కి కొద్దిగా టైటానియం కలిపితే అది తిరిగి నింపగలిగే హైడ్రైడ్ అవుతుందని చూపించారు. అప్పటిదాకా అది ఒకసారి విడిపోతే అంతే సంగతులు, తిరిగి కలపాలంటే భారీ పీడనాలు. ఈ రంగంలో డోపింగ్ మోజు మొదలైందే అక్కడ. ఎంథాల్పీ మొదటి మెట్టుకి 37, రెండోదానికి 47. అంటే థర్మోడైనమిక్స్ ముందు నుంచే బాగుంది, తాళం వేసి ఉన్నది వేగానికే, టైటానియం ఆ తాళం తీసింది. మెగ్నీషియంతో తేడా ఇదే. మెగ్నీషియంలో వేగం బాగుచేశాక కూడా అసలు జబ్బు మిగిలే ఉంటుంది.

సైద్ధాంతికంగా రెండు మెట్లకి 5.6 శాతం, చేతికి వచ్చేది 4 పైచిలుకు. ఎందుకంటే టైటానియం క్లోరైడ్ వేస్తే క్లోరిన్ సోడియంతో కలిసి ఉప్పు అవుతుంది. ఆ ఉప్పు ట్యాంకులో ఉత్త బరువు.

బేగంపేట_రవ్వ
మనదేశం సంగతి కూడా ఒక మాట. వారణాసి బీహెచ్‌యూలో ఓ.ఎన్. శ్రీవాస్తవ గారి బృందం హైడ్రైడ్ ట్యాంకు పెట్టిన మోటార్‌సైకిళ్లు, ఆటోలు నడిపి చూపించింది. ఆయన 2021లో పోయారు. ఇప్పుడు గ్రీన్ హైడ్రోజన్ మిషన్ కింద 2023లో 19,744 కోట్లు ప్రకటించారు, అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ హబ్ వస్తోంది. అంత హైడ్రోజన్ తయారుచేసి ఎక్కడ పెడతారు అనేది ఈ థ్రెడ్‌కి సంబంధించిందే. పైగా లాంథనం, సీరియం వచ్చే మోనజైట్ ఖనిజం మన ఆంధ్ర తీరం ఇసుకలోనే ఉంది. మెగ్నీషియం మోజులో ఆ వైపు చూడటం మానేశాం.

బీచ్‌రోడ్_ట్యాంకర్
నిలకడగా ఒకచోట ఉండే ట్యాంకుకి లాంథనం నికెల్ పట్టే 1.4 శాతం అయినా పర్వాలేదు, నేల మీదే కదా. నా బాధ వేరు, ఎలక్ట్రోలైజర్ (నీటిని కరెంటుతో విడదీసే యంత్రం) నుంచి వచ్చే హైడ్రోజన్‌లో తేమ, కాస్త ఆక్సిజన్ ఉంటాయి, ఆరబెట్టి శుద్ధి చేయకుండా పంపితే తలం చచ్చిపోతుంది. ల్యాబులో అందరూ ఐదు తొమ్మిదుల (99.999 శాతం) స్వచ్ఛత సిలిండర్ పెట్టి వేల సైకిళ్లు బతికిందని రాస్తారు. ఇంకోటి, హైడ్రోజన్ ఎక్కితే లాంథనం నికెల్ పావు వంతు ఉబ్బుతుంది, మెగ్నీషియం ఇంకా ఎక్కువ. ఉబ్బి దిగి ఉబ్బి దిగి పొడి సన్నబడి ట్యాంకు అడుక్కి చేరి అక్కడ గోడని తోస్తుంది. డిజైన్ చేసేటప్పుడు పైన ఖాళీ వదలడం ఒక్కటే చాలదు.

నల్లపొడి
అందరికీ చాలా చాలా థాంక్స్. ప్లాన్ మార్చుకున్నా. నియోబియం పెంటాక్సైడ్ లేకుండా అంతే సేపు మిల్లింగ్ చేసిన శాంపిల్ ఒకటి పక్కన పెడతా, లేకపోతే మిల్లింగ్ వల్ల ఎంత, ఉత్ప్రేరకం వల్ల ఎంత అని తెలీదు. అర మోల్ శాతం, 1 మోల్ శాతం రెండూ చూస్తా. డీఎస్సీలో (వేడి చేస్తూ ఉష్ణప్రవాహం కొలిచే పరికరం) వేర్వేరు వేగాలతో వేడి చేసి కిస్సింజర్ పద్ధతిలో యాక్టివేషన్ ఎనర్జీ (చర్యకి అడ్డంకి) చూస్తా, సీవర్ట్స్‌లో (పీడనం మార్పుని బట్టి పట్టిన హైడ్రోజన్ కొలిచే పరికరం) 300, 325, 350 దగ్గర పీసీటీ (ఎంత పీడనానికి ఎంత హైడ్రోజన్ అనే గ్రాఫ్) తీసి ఎంథాల్పీ చూస్తా. ఎంథాల్పీ మారలేదని వస్తే అదీ ఫలితమే అని రాస్తా. ఇంకేమైనా జాగ్రత్తలు?

కాకినాడ_కెమిస్ట్
పద్ధతిగా ఉంది. సీవర్ట్స్‌లో శాంపిల్ మరీ తక్కువ వేయకు. అర గ్రాము పొడితో ఖాళీ ఘనపరిమాణంలో చిన్న తప్పు ఉన్నా, గొట్టం సగం వేడిగా సగం చల్లగా ఉన్నా, లేని హైడ్రోజన్ కనబడుతుంది. హీలియంతో ఘనపరిమాణం చూసుకో, శాంపిల్ లేకుండా ఒకసారి అదే ప్రయోగం నడుపు. 1998లో గ్రాఫైట్ నానోఫైబర్లు బరువులో 60 శాతం పైగా హైడ్రోజన్ పట్టాయని ఒక పేపర్ వచ్చి లోకమంతా ఊగిపోయింది, తర్వాత ఎవరు చేసినా రాలేదు.

జర్మనీ_తెలుగోడు
జార్ మూత గ్లోవ్ బాక్స్‌లోనే (గాలి చొరబడని పెట్టె) తీయండి, ఆర్గాన్‌లో. మిల్లింగ్ చేసిన పొడి గాలి తగిలితే అంటుకోవచ్చు. అంటుకుంటే నీళ్లు పోయకండి, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కొట్టకండి, మెగ్నీషియం దాంట్లోనూ మండుతుంది. పొడి ఇసుక బకెట్, లేదా లోహ మంటలకి వాడే డీ క్లాస్ పౌడర్ పక్కన పెట్టుకోండి. ల్యాబులో రాత్రిపూట ఒక్కరే ఉండి చేయకండి.

బీచ్‌రోడ్_ట్యాంకర్
మిల్లు మధ్య మధ్యలో ఆపుతూ నడపండి, జార్ కాగిపోతే మీరు చేసిన స్ఫటికాలు మళ్లీ పెరుగుతాయి.

బేగంపేట_రవ్వ
జార్, బంతులు స్టీల్‌వా? అయితే గంటల కొద్దీ ఆడిస్తే ఇనుము పొడిలోకి దిగుతుంది, పైన అన్న చెప్పినట్టు ఇనుము తనే మంచి ఉత్ప్రేరకం. ఐసీపీలో (ఏ మూలకం ఎంత ఉందో కొలిచే పరీక్ష) ఇనుము శాతం చూపించకపోతే వైవాలో మొదట పట్టుకునేది అక్కడే.

నల్లపొడి
స్టీలే అండీ. మా డిపార్ట్‌మెంట్‌లో జిర్కోనియా జార్ లేదు. నియోబియం లేని శాంపిల్‌కి కూడా ఐసీపీ చేయిస్తా, రెండింట్లో ఇనుము ఒకేలా ఉంటే పోల్చవచ్చు కదా?

బేగంపేట_రవ్వ
పోల్చవచ్చు. కానీ గట్టి ఆక్సైడ్ రేణువులు ఉంటే జార్ గోడ ఎక్కువ అరుగుతుంది, కాబట్టి ఒకేలా ఉంటుందని ముందే అనుకోకండి. రిజల్ట్ వచ్చాక ఇక్కడే పెట్టండి.